కెనడాకు భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేయడం: అర్హత నుంచి ల్యాండింగ్ దాకా

కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది, ఊళ్లో పెళ్లయింది, ఇక మనిషిని తీసుకెళ్లడం ఎలా? ఈ ప్రశ్న పాఠకుల నుంచి వస్తూనే ఉంది. ఫారాలు పెద్ద కష్టమేమీ కాదు. బ్రాంప్టన్‌లో ఉన్న ఆయన ఒక తేదీ రాస్తాడు, ఖమ్మంలో ఉన్న ఆవిడ ఇంకో తేదీ రాస్తుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో మూడోది ఉంటుంది. చాలా ఫైళ్లు చిక్కుల్లో పడేది ఇలాగే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు కాగితాల పొంతనకూ, పెళ్లి వివరాలు చెప్పే తీరుకూ ఇచ్చాను.

## 1. ముందు స్పాన్సర్ అర్హత తేల్చుకోండి

స్పాన్సర్‌కు, అంటే భాగస్వామిని పిలిపించుకునేవారికి, 18 ఏళ్లు నిండాలి. కెనడా పౌరులు గానీ పీఆర్ గానీ అయి ఉండాలి. పీఆర్ అయితే కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. పౌరులు బయటి దేశంలో ఉండి కూడా స్పాన్సర్ చేయవచ్చు. కానీ భాగస్వామికి పీఆర్ వచ్చాక ఇద్దరూ కెనడాలో స్థిరపడతారని చూపించాలి.

స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో ఉన్నవాళ్లు స్పాన్సర్ చేయలేరు. వాళ్లు భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ వస్తుందేమో చూసుకోవాలి. అది వేరే దారి, నియమాలూ వేరే.

ఇవి మీకు వర్తిస్తాయేమో చూసుకోండి. ఒక్కటి ఉన్నా అక్కడే ఆగి, పరిష్కరించుకున్నాకే ముందుకు వెళ్లాలి:

- వైకల్యం కారణంగా కాకుండా మరే కారణంతోనైనా ప్రభుత్వ సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటున్నారా? ఉద్యోగం పోయినప్పుడు వచ్చే ఈఐ దీని కిందకు రాదు.
- దివాలా తీసి, ఇంకా దాని నుంచి విడుదల కాలేదా?
- మీరే భార్యగానో భర్తగానో స్పాన్సర్‌షిప్ మీద వచ్చి, పీఆర్ అయి 5 ఏళ్లు పూర్తి కాలేదా? ఈలోపు పౌరసత్వం వచ్చినా ఈ నిషేధం పోదు.
- గతంలో ఒక భాగస్వామిని స్పాన్సర్ చేసి, ఆ 3 ఏళ్ల హామీ ఇంకా నడుస్తోందా?
- కోర్టు విధించిన భరణం బకాయి ఉందా?
- హింస లేదా లైంగిక నేరాలకు శిక్ష పడిందా?

భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి, సాధారణంగా, కనీస ఆదాయ పరిమితి లేదు. 'జీతం తక్కువ, మా వల్ల కాదేమో' అన్న టెన్షన్ అక్కర్లేదు. అయినా ఉద్యోగం లెటర్, కెనడా పన్నుల శాఖ సీఆర్ఏ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ పెట్టాలి. క్యూబెక్‌లో ఉన్నవాళ్లకు మాత్రం ఆ రాష్ట్రంతో విడిగా ఇంకో ప్రక్రియ ఉంటుంది. ముందు దాన్ని చదువుకోండి.

స్పాన్సర్ సంతకం చేసే హామీ భాగస్వామి పీఆర్ అయిన రోజు నుంచి 3 ఏళ్లు నడుస్తుంది. మధ్యలో విడాకులైనా రద్దు కాదు. ఆ కాలంలో భాగస్వామి సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటే ఆ డబ్బు స్పాన్సరే కట్టాలి.

ల్యాండింగ్‌కు, అంటే పీఆర్‌గా మొదటిసారి కెనడాలో దిగడానికి, ముందు జరిగిన పెళ్లి. మనవాళ్లలో తరచూ కనబడే పెద్ద ప్రమాదం ఇది. నైపుణ్యం ఉన్న ఉద్యోగులు పీఆర్ తెచ్చుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఒంటరిగా అప్లై చేస్తారు. పీఆర్ వీసా చేతికొస్తుంది. 'వెళ్లేలోపు పెళ్లి చేసేద్దాం' అంటారు పెద్దవాళ్లు. పెళ్లయ్యాక ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కి, ఒంటరి మనిషిగానే ల్యాండ్ అవుతారు. అలా చెప్పకుండా వదిలేసిన భార్యను తర్వాత ఫ్యామిలీ క్లాస్ కింద స్పాన్సర్ చేయకుండా చట్టంలో అడ్డు ఉంది. ఇంకా ల్యాండ్ కాకపోతే వెంటనే ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయండి, ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇప్పటికే అలా ల్యాండ్ అయి ఉంటే సొంతంగా అప్లై చేయకండి, ముందు లాయర్‌ను కలవండి.

## 2. మీ బంధం ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి

పెళ్లయితే అది జరిగిన చోటా, కెనడాలోనూ చట్టబద్ధమై ఉండాలి. పెళ్లి సమయంలో ఇద్దరూ ఒకేచోట స్వయంగా ఉండాలి. వీడియో కాల్‌లో జరిగినవీ, ఒకరి తరఫున ఇంకొకరు కూర్చుని చేసినవీ ఇమిగ్రేషన్‌కు చెల్లవు.

పెళ్లి లేకుండా కలిసి ఉంటున్నవాళ్లను కామన్ లా భాగస్వాములు అంటారు. వరసగా 12 నెలలు ఒకే ఇంట్లో కాపురం చేసి ఉండాలి. పని మీద కొన్నాళ్లు వేరే ఊరికి వెళ్లొస్తే ఇబ్బంది లేదు. వారాంతాల్లో కలవడం మాత్రం లెక్కలోకి రాదు. ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం, జాయింట్ ఖాతా, ఒకే చిరునామాకు వచ్చిన బిల్లులు, ఐఎంఎం 5409 అనే ప్రమాణపత్రం అవసరం. స్వలింగ జంటలకూ ఇవే నియమాలు.

నిశ్చితార్థం ఒక్కటే అయి ఉంటే స్పాన్సర్ చేయలేరు. పెళ్లయ్యాకే.

## 3. ఔట్‌ల్యాండా, ఇన్‌ల్యాండా?

ముఖ్యంగా కెనడా బయట ఉన్న భాగస్వామి కోసం పెట్టేది ఔట్‌ల్యాండ్ దరఖాస్తు, కెనడాలోనే కలిసి ఉంటున్న భాగస్వామి కోసం పెట్టేది ఇన్‌ల్యాండ్. భాగస్వామి ఇండియాలో ఉంటే ఔట్‌ల్యాండే, ఆలోచించడానికి ఏమీ లేదు. ఇద్దరూ కెనడాలోనే కలిసి ఉంటున్నప్పుడే ఎంపిక వస్తుంది.

ఇన్‌ల్యాండ్‌లో పెడితే నిర్ణయం వచ్చేదాకా ఇద్దరూ కెనడాలో కలిసి ఉండాలి. మధ్యలో ఇండియా వెళ్లి, తిరిగి రావడానికి వీసా అందకపోతే ఫైలు ప్రమాదంలో పడుతుంది. తిరస్కరిస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కు ఉండదు. ఔట్‌ల్యాండ్‌లో స్పాన్సర్‌కు ఆ హక్కు ఉంటుంది. కెనడాలో ఉన్నవాళ్లు కూడా ఔట్‌ల్యాండ్‌లో పెట్టుకోవచ్చు. ఇంటి దగ్గర పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేక ఎప్పుడైనా రావాల్సి ఉంటుందనుకుంటే నా ఓటు దానికే.

## 4. ఇండియా కాగితాలు: అసలు సమయం ఇక్కడే పడుతుంది

దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ పోర్టల్ తెరవకముందే ఇవి పూర్తి చేయండి.

పేరు. అన్నిటికీ ఆధారం పాస్‌పోర్ట్. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో చాలాసార్లు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరు, పేరు రెండూ గివెన్ నేమ్‌లో ఉంటాయి. అలాంటప్పుడు కెనడా ఫారంలో ఆ మొత్తం పేరును ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడి ఖాళీగా వదలాలి. సొంతంగా ఇంటిపేరు విడగొట్టి రాయకండి.

ఆధార్‌లో భర్త ఇంటిపేరు, పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో పొడి అక్షరాలు ఉన్నా కంగారొద్దు. 'ఇంతకుముందు వాడిన పేర్లు' అనే ప్రశ్న దగ్గర అన్నీ రాయండి. ఎందుకు తేడా వచ్చిందో ఒక పేజీ వివరణ జత చేయండి.

పుట్టిన తేదీ. బడిలో వేసిన తేదీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో తేదీ వేరుగా ఉండటం మనకు మామూలే. ఫారాల్లో పాస్‌పోర్ట్ తేదీయే వాడండి. తేడా ఉన్న కాగితం పెట్టాల్సి వస్తే కారణం ఒక్క వాక్యంలో రాయండి.

పెళ్లి సర్టిఫికెట్. శుభలేఖ, ఆలయంలో ఇచ్చిన రసీదు, కల్యాణ మండపం బిల్లు పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యాలే కానీ రిజిస్ట్రేషన్‌కు బదులు కావు. పెళ్లయిన వారంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. ఎన్ఆర్ఐ వరుడు తిరిగి విమానం ఎక్కేశాక ఇద్దరూ కలిసి సంతకం పెట్టడం కుదరదు. సర్టిఫికెట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి పేర్లు, పెళ్లి తేదీ, ఊరు చదవండి. అప్పుడైతే దిద్దించుకోవడం తేలిక.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ఈ తేదీ గొడవ తప్పకుండా వస్తుంది. శుభలేఖలో ఒక రోజు, సర్టిఫికెట్‌లో తర్వాతి రోజు పడతాయి. సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే అన్ని ఫారాల్లో రాసి, ముహూర్తం సంగతి వివరణలో చెప్పండి.

మొదటి పెళ్లి ఉంటే. కోర్టు డిక్రీ కావాలి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు పేపర్ మీద రాసుకున్న విడాకుల ఒప్పందాన్ని నమ్ముకుని పెడితే రెండో పెళ్లే చెల్లదనే ప్రశ్న వస్తుంది. డిక్రీ తేదీ రెండో పెళ్లి కంటే ముందుదై ఉండాలి. మొదటి భాగస్వామి చనిపోతే మరణ ధ్రువపత్రం పెట్టాలి.

పోలీస్ క్లియరెన్స్. ఇండియాలో ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్ సేవా ద్వారా పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పీసీసీ తీసుకోవాలి. స్టేషన్‌లోనో, పోలీస్ శాఖ సైట్‌లోనో ఉద్యోగం కోసం తీసుకున్న సర్టిఫికెట్ పనికిరాదు. ఇప్పుడు ఉంటున్న దేశం నుంచి ఇచ్చే సర్టిఫికెట్ దరఖాస్తు నాటికి 6 నెలల కంటే పాతది కాకూడదు. అందుకే దీన్ని చివర్లో తీయించండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో 6 నెలలు గానీ అంతకు మించి గానీ ఉండి ఉంటే ఆ దేశం సర్టిఫికెట్ కూడా ఇప్పుడో తర్వాతో అడుగుతారు. ఆ పని ముందే మొదలుపెట్టండి.

అనువాదాలు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ అనువాదం, మూలం నకలు ఉండాలి. కెనడాలో సర్టిఫైడ్ అనువాదకులు కాకుండా వేరేవాళ్లు చేస్తే వాళ్ల అఫిడవిట్ కూడా జత చేయాలి. ఇంట్లోవాళ్లు, బంధువులు చేసినవి ఒప్పుకోరు, వాళ్లకు ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా సరే. శుభలేఖను మరచిపోతారు. అది కూడా తెలుగు కాగితమే.

## 5. ఫారాలు నింపే వరుస

పీఆర్ పోర్టల్‌లో ఖాతా తెరవాల్సింది స్పాన్సర్ కాదు, పీఆర్ కోసం దరఖాస్తు చేస్తున్న భాగస్వామి. కెనడాలో ఉన్న భర్త తన పేరు మీద తెరిచి సగం నింపాక తప్పు తెలుసుకుంటాడు.

నేను సూచించే వరుస ఇది:

1. మొదట ఇద్దరూ కలిసి ఒక తేదీల పట్టిక రాసుకోండి. సంబంధం వచ్చిన రోజు, మొదట మాట్లాడింది, మొదట కలిసింది, నిశ్చితార్థం, పెళ్లి, రిజిస్ట్రేషన్, ప్రతి ప్రయాణం ఇందులో ఉండాలి. పాస్‌పోర్టులో పడ్డ ముద్రలతో సరిచూడండి.
2. ఆ పట్టిక దగ్గర పెట్టుకుని ఐఎంఎం 5532 నింపండి. మీ బంధం గురించి అడిగే ఫారం ఇదే.
3. ఐఎంఎం 1344, అంటే స్పాన్సర్ దరఖాస్తు, ఒప్పందం, హామీ. ఇందులో ఇద్దరి సంతకాలూ ఉండాలి.
4. పోర్టల్‌లోనే నింపే ఐఎంఎం 0008 (పీఆర్ దరఖాస్తు), 5669 (గత చరిత్ర), 5406 (కుటుంబ వివరాలు).
5. చివరగా ఐఎంఎం 5533 చెక్‌లిస్ట్. ఏ కాగితాలు కావాలో తెలుసుకోవడానికి మాత్రం దీన్ని అన్నిటికంటే ముందు చదవాలి.

పీడీఎఫ్ ఫారాలను ఫోన్‌లో, బ్రౌజర్‌లో తెరిస్తే కాసేపు ఆగమనే సందేశం వచ్చి అక్కడే ఆగిపోతుంది. కంప్యూటర్‌లోకి దించుకుని అడోబీ రీడర్‌లో తెరవండి.

5669లో గత 10 ఏళ్ల చరిత్ర అడుగుతారు. ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కు చదివిన ఏడాదిన్నర, అమీర్‌పేట హాస్టల్‌లో కోచింగ్ తీసుకున్న 4 నెలలు, పెళ్లి కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న కాలం, అన్నీ రాయాలి. ఉద్యోగం లేకపోతే లేదని రాయండి. అదేమీ తప్పు కాదు. చిరునామాల చరిత్ర కూడా అంతే, హాస్టల్ చిరునామాతో సహా.

ప్రభుత్వ ఉద్యోగాల ప్రశ్న దగ్గర సచివాలయ ఉద్యోగం, కాంట్రాక్ట్ టీచర్ పోస్టు లాంటివి వదిలేస్తుంటారు. రాయండి. 5406లో తోబుట్టువులందరూ రావాలి, చనిపోయినవారు, సవతి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా.

## 6. పెద్దలు కుదిర్చిన పెళ్లిని అధికారికి అర్థమయ్యేలా చెప్పడం

పెళ్లి నిజమైనదై ఉండాలి, ఇమిగ్రేషన్ కోసమే ముఖ్యంగా చేసుకున్నది కాకూడదు. ఈ రెంటిలో ఏ ఒక్కదానిలో అనుమానం మిగిలినా తిరస్కరించవచ్చు. 'మాది నిజమైన పెళ్లి' అని పది సార్లు రాస్తే సాక్ష్యం కాదు.

మన పెళ్లిళ్లలో బయటివాళ్లకు వింతగా కనబడేవి కొన్ని ఉంటాయి. మూడు వారాల సెలవు మీద వచ్చి, పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి అన్నీ అందులోనే కానిచ్చేస్తాం. అధికారి కంటికి అది తొందర. కారణం మీకు తెలుసు. సెలవు అంతే దొరికింది, ఆ తర్వాత మూఢం వచ్చేస్తుంది, మళ్లీ ముహూర్తాలు లేవు. ఆ కారణమే రెండు వాక్యాల్లో రాయండి. మూఢం అంటే ఏమిటో కూడా చెప్పండి, అధికారికి తెలియాలని లేదు.

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: 'మా పెద్దలు మా పెళ్లి కుదిర్చారు. మేమిద్దరం ఒకరికొకరం నచ్చాం. సంతోషంగా ఉన్నాం.' ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇలా రాస్తే అధికారికి మనుషులు కనబడతారు: 'ఫిబ్రవరిలో మా పిన్ని, వాళ్ల పక్కింటావిడ ద్వారా ఈ సంబంధం తెచ్చింది. జాతకాలు చూశాక నాన్న నాకు ఫొటో, బయోడేటా పంపారు. మొదటి వీడియో కాల్‌లో ఆమె తన బ్యాంకు ఉద్యోగం మానాల్సి వస్తుందేమోనని అడిగింది. కెనడాలో ఆ రంగంలో ఏ కోర్సులు అవసరమో ఇద్దరం చూశాం. జూన్‌లో నేను వచ్చినప్పుడు వాళ్లింట్లో పెళ్లిచూపులు జరిగాయి.' రెండో దానిలో పొగడ్త లేదు. మనుషులు, వరుస, కారణాలు ఉన్నాయి.

అధికారికి ప్రశ్న లేపే విషయాలను మీరే ముందు చెప్పండి:

- వయసులో, చదువులో పెద్ద తేడా. వధువు పెద్దదైతే మరీ.
- మేనరికం. చుట్టరికం దాచకుండా ఎవరి పిల్ల, ఎవరి కొడుకో రాయండి.
- రెండో పెళ్లి. మొదటి పెళ్లి ఎందుకు విడిపోయిందో అవతలివారికి తెలుసా, ఎప్పుడు తెలిసింది?
- గతంలో కెనడాకో మరో దేశానికో వీసా తిరస్కరణ. దాచిపెడితే అబద్ధం చెప్పినట్టు లెక్క, 5 ఏళ్ల నిషేధం పడుతుంది.
- స్పాన్సర్ తల్లిదండ్రులు పెళ్లికి రాకపోవడం, లేదా ఇద్దరింటిలో ఒకరు ఒప్పుకోకపోవడం. కులాంతర ప్రేమ పెళ్లిళ్లలో ఇది సాధారణం. కారణం రాసి, వచ్చిన స్నేహితుల లేఖలు పెట్టండి.

ఫొటోలు. చెక్‌లిస్ట్ 20 దాకానే అడుగుతుంది. ఆల్బమ్ అంతా పంపకండి. తలంబ్రాల ఫొటోలు నాలుగు పెట్టడం కంటే ఒకటి పెట్టి, నిశ్చితార్థం, రెండు వైపుల తల్లిదండ్రులతో దిగినది, సత్యనారాయణ వ్రతం, అత్తారింట్లో మామూలు రోజు, తర్వాతి ప్రయాణంలో దిగినవి కలపండి. ప్రతి దాని కింద తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారో రాయండి. ప్రీవెడ్డింగ్ షూట్ ఫొటోలు అందంగా ఉంటాయి, కానీ వాటివల్ల ఒరిగేది తక్కువ.

చాటింగ్. 10 పేజీలకు మించకుండా ఎంచండి. నెలకొకటి చొప్పున, పరిచయం నుంచి నేటిదాకా పరిచి పెట్టండి. 'గుడ్ మార్నింగ్' పూల బొమ్మలు కాదు, అమ్మకు బీపీ మందులు మార్చిన సంగతి, అద్దె ఇల్లు చూసిన సంగతి లాంటివి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న చాట్‌కు కూడా అనువాదం కావాలి.

డబ్బు. స్పాన్సర్ పంపిన రెమిటెన్స్ రసీదులు, నామినీగా భార్య పేరు ఉన్న బీమా, టికెట్లు, బోర్డింగ్ పాస్‌లు బలమైనవి. భార్యకు కాకుండా మామగారి ఖాతాకు పంపి ఉంటే ఎందుకో రాయండి.

## 7. ఫీజు, అప్‌లోడ్

2024 ఏప్రిల్ 30న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం లెక్క: స్పాన్సర్ ఫీజు 85 డాలర్లు, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు ఫీజు 575. మొత్తం 1,205 కెనడా డాలర్లు. బయోమెట్రిక్స్‌కు ఇంకో 85. ఫీజులు రెండేళ్లకోసారి మారతాయి. కట్టే రోజు అధికారిక సైట్‌లో చూసి కట్టండి. హక్కు ఫీజు తర్వాత కట్టే వీలున్నా ముందే కట్టేయడం మంచిది. చివర్లో అదొక్కటి ఫైలును ఆపకూడదు.

సబ్మిట్ నొక్కేముందు:

- ప్రతి సంతకం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా?
- స్కాన్‌లో కాగితం నాలుగు అంచులూ కనబడుతున్నాయా?
- పాస్‌పోర్ట్‌లో ముద్రలున్న పేజీలన్నీ ఉన్నాయా?
- ఫైలు పేర్లు చూడగానే అర్థమయ్యేలా ఉన్నాయా?
- తేదీల పట్టికతో 5532, 5669 ఇంకోసారి సరిపోల్చారా? ఇది ఇద్దరూ విడివిడిగా చేయండి.

ఏజెంట్ ద్వారా చేస్తుంటే అతనికి కెనడా లైసెన్స్ ఉందో లేదో చూడాలి. డబ్బు తీసుకుని సలహా ఇవ్వడానికి అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్స్ ఇచ్చే సంస్థలో (దాన్ని 'కాలేజ్' అంటారు) సభ్యుడో, లాయరో అయి ఉండాలి. మీ ప్రతినిధి ఎవరో చెప్పే ఫారం ఐఎంఎం 5476లో తన పేరు రాయడానికి ఒప్పుకోని ఏజెంట్‌ను వదిలేయండి. 'గ్యారంటీ' అన్నవాణ్ని అంతకంటే ముందే వదిలేయండి.

## 8. పంపాక ఏం జరుగుతుంది

ముందు అందినట్టు రసీదు వస్తుంది. కాగితాలు తక్కువైతే మొత్తం తిప్పి పంపేస్తారు, వరసలో మీ చోటు పోతుంది.

బయోమెట్రిక్స్ లేఖ వస్తే 30 రోజుల్లో వేలిముద్రలు ఇవ్వాలి. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రం ఉంది. మెడికల్ లేఖ వచ్చాక, కెనడా గుర్తించిన ప్యానెల్ డాక్టర్ దగ్గరే పరీక్ష చేయించాలి. మీ ఫ్యామిలీ డాక్టర్ రిపోర్టు చెల్లదు. షుగర్, కిడ్నీ జబ్బు లాంటివి ఉంటే వైద్య ఖర్చు ఎక్కువవుతుందన్న కారణంతో భార్యాభర్తలను తిరస్కరించరు. దాచాల్సిన పని లేదు.

ఈలోపు పాస్‌పోర్ట్ మార్చినా, ఇల్లు మారినా, గర్భం వచ్చినా, బిడ్డ పుట్టినా వెబ్‌ఫారం ద్వారా చెప్పండి. బిడ్డను చేర్చకుండా ల్యాండ్ అయితే మొదటి భాగంలో చెప్పిన చిక్కే మళ్లీ వస్తుంది.

నెలల తరబడి కదలిక లేకపోతే స్పాన్సర్ 5 డాలర్లు కట్టి జీసీఎంఎస్ నోట్స్, అంటే మీ ఫైలు మీద ఇమిగ్రేషన్ శాఖ రాసుకున్న వివరాలు, తెప్పించుకోవచ్చు. భాగస్వామి అనుమతి పత్రం ఉండాలి. ఫైలు ఎక్కడ ఆగిందో అందులో తెలుస్తుంది.

ఎదురుచూసే కాలంలో విజిట్ వీసాకు అప్లై చేయడం నేరమేమీ కాదు. పీఆర్ దరఖాస్తు పెండింగ్‌లో ఉందని రాసి, గడువులోపు తిరిగి వచ్చే కారణాలు చూపించండి.

## 9. అనుమానం లేఖ, ఇంటర్వ్యూ, తిరస్కరణ

ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లేఖ వచ్చిందంటే అధికారికి అనుమానం ఉంది, తేల్చుకోవడానికి మీకు అవకాశం ఇస్తున్నారు. గడువు అందులోనే ఉంటుంది. కోపంగా నాలుగు పేజీలు రాయకండి. వాళ్లు ఎత్తిన ప్రతి అంశానికి ఒక పేరా, ఒక కాగితం చాలు.

ఇంటర్వ్యూకు పిలిస్తే బట్టీ పట్టకండి. అడిగేవి ఇలాంటివి: కెనడాలో ఉన్న భర్త ఏ షిఫ్టులో పనిచేస్తాడు, ఇంట్లో ఇంకెవరుంటారు, అద్దె ఎంత, పెళ్లికి ఎవరు రాలేదు, ఎందుకు? రోజూ మాట్లాడుకునేవాళ్లకు ఇవి కష్టం కాదు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పాలి. తెలుగులో సమాధానం చెప్పాలనుకుంటే దుబాసీని ముందే అడగండి.

ఔట్‌ల్యాండ్ దరఖాస్తు తిరస్కరిస్తే స్పాన్సర్ 30 రోజుల్లో అప్పీల్ వేయాలి. అప్పీల్‌లో తర్వాత వచ్చిన కొత్త సాక్ష్యాలు కూడా పెట్టవచ్చు. ఇన్‌ల్యాండ్ అయితే ఫెడరల్ కోర్టు ఒక్కటే, గడువు 15 రోజులు. తప్పు ఎక్కడుందో తెలియకుండా అదే ఫైలును మళ్లీ పెట్టడం డబ్బు దండగ.

## 10. వీసా వచ్చాక

పాస్‌పోర్ట్ అడిగితే వీఎఫ్ఎస్ ద్వారా పంపండి. ల్యాండింగ్ పత్రంలో పేరు, పుట్టిన తేదీ వెంటనే సరిచూడండి. అందులో ఉన్న గడువు తేదీలోపు కెనడాలో అడుగుపెట్టాలి. మెడికల్ చెల్లుబాటు 12 నెలలే కాబట్టి ఆ గడువు తక్కువగా ఉండవచ్చు.

బ్యాగులో ఒరిజినల్ పెళ్లి సర్టిఫికెట్, చదువు సర్టిఫికెట్లు, టీకాల వివరాలు, మందుల చీటీలు పెట్టుకోండి. తర్వాత వచ్చే నగలు, సామాను ఏమైనా ఉంటే వాటి జాబితా కూడా రాసి ఇవ్వాలి. పెళ్లి బంగారానికి ఫొటోలు, విలువ రాసుకుని వెళ్తే ఎయిర్‌పోర్టులో తేలిక. పచ్చళ్లు సరే, డిక్లరేషన్‌లో రాయడం మరవకండి.

పీఆర్ కార్డు కెనడా చిరునామాకే వస్తుంది. ల్యాండ్ అయిన 180 రోజుల్లో చిరునామా ఇవ్వకపోతే కార్డు కోసం విడిగా అప్లై చేసి ఫీజు కట్టాలి.